సంజీవయ్య పేరు, సబ్బవరం చదువు: స్మారకానికి అర్థం ఇచ్చే స్కాలర్‌షిప్

విద్యాసంస్థకు ఒక మహనీయుడి పేరు పెట్టడానికి ఒక ఉత్తర్వు చాలు. ఆయన పుట్టిన ఇంటి వంటి ఇళ్లలో పుట్టిన పిల్లలు ఆ సంస్థలో చేరి, అప్పుల పాలు కాకుండా చదువు ముగించుకోవడానికి మాత్రం ఏళ్ల తరబడి డబ్బు, శ్రద్ధ, నిబంధనల అమలులో నిజాయితీ కావాలి. ఈ రెండు పనులనూ కలిపే సాధనం ఉపకార వేతనం, అంటే చదువుకు అర్హత ఉండీ ఖర్చు భరించలేని విద్యార్థికి తిరిగి చెల్లించనక్కరలేకుండా ఇచ్చే ఆర్థిక సహాయం; వాడుకలో దీన్నే స్కాలర్‌షిప్ అంటున్నారు. అణగారిన వర్గాల నుంచి మొదటిసారిగా ఉన్నత విద్యాలయాల గడప దాటిన వారి పేరిట ఇటువంటి సహాయాన్ని ఏర్పాటు చేసే సంప్రదాయం ప్రపంచంలో పలుచోట్ల ఉంది. మొదట వెళ్లినవాడు ఒంటరిగా పడిన కష్టాన్ని తరువాత వచ్చేవాడు పడకుండా చూడడమే ఆ మొదటివాడికి చేయదగిన గౌరవం అన్నది ఆ సంప్రదాయం వెనుక ఉన్న ఆలోచన.

ఆ ఆలోచనను తెలుగునేల మీద పరిశీలించడానికి అనకాపల్లి జిల్లాలోని సబ్బవరం తగిన చోటు. 2008లో రాష్ట్ర శాసనసభ చేసిన చట్టంతో ఏర్పడి, కొన్నేళ్ల తరువాత దామోదరం సంజీవయ్య పేరు తీసుకున్న జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం అక్కడే ఉంది. 2022 ఏప్రిల్‌లో విశాఖపట్నం జిల్లాను విభజించినప్పుడు సబ్బవరం మండలం కొత్తగా ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరింది. దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి, భారత జాతీయ కాంగ్రెస్‌కు తొలి దళిత అధ్యక్షుడు, స్వయంగా న్యాయశాస్త్ర పట్టభద్రుడు అయిన వ్యక్తి పేరు ఈ సంస్థకు ఉంది గనుక, అక్కడ ఎవరు చదవగలుగుతున్నారు, ఎవరు చదవలేకపోతున్నారు అనే ప్రశ్నకు మిగతా చోట్ల కంటే ఇక్కడ బరువు ఎక్కువ.

పెదపాడు నుంచి మద్రాసు లా కాలేజీ దాకా

సంజీవయ్య 1921 ఫిబ్రవరి 14న కర్నూలు దగ్గరి పెదపాడు గ్రామంలో, సెంటు భూమి లేని మాల కుటుంబంలో పుట్టారు. ఇంటివారు నేతపని, కూలిపని చేసుకుని బతికేవారు. పసితనంలోనే తండ్రి చనిపోవడంతో కుటుంబం మేనమామను ఆశ్రయించి పాలకుర్తికి చేరింది, అక్కడ ఆ పిల్లవాడు పశువులు కాశాడు. తిరిగి పెదపాడు వచ్చాక అన్న ఆయన్ని బడిలో వేశారు. ఊళ్లో నాలుగో తరగతి వరకు, తరువాత కర్నూలులోని అమెరికన్ బాప్టిస్టు మిషన్ పాఠశాలలో, ఆపైన పురపాలక ఉన్నత పాఠశాలలో చదివి 1938లో స్కూలు చదువు పూర్తి చేశారు. అనంతపురంలోని దత్తమండల కళాశాలలో గణితం, ఖగోళశాస్త్రం చదివి 1942లో పట్టభద్రులయ్యారు. మద్రాసు లా కాలేజీ నుంచి న్యాయశాస్త్ర పట్టా అందుకున్నది మాత్రం 1948లో.

ఆ రెండు పట్టాల మధ్య ఉన్న ఆరేళ్ల ఎడమే స్కాలర్‌షిప్ అవసరాన్ని వివరించడానికి సరిపోతుంది. ఆస్తి ఉన్న ఇంటి పిల్లవాడు డిగ్రీ కాగానే లా కాలేజీలో చేరతాడు, సంజీవయ్య మాత్రం చిన్నచిన్న ఉద్యోగాలతో పొట్టపోసుకుంటూ అవకాశం కోసం ఎదురుచూడవలసి వచ్చింది. ఆయన ముందుకు సాగిన ప్రతి దశలోనూ ఏదో ఒక అనుకూలత తోడైంది: చదివించాలని పట్టుబట్టిన అన్న ఉన్నారు, కులం అడగకుండా చేర్చుకున్న మిషన్ బడి ఉంది, పట్టణంలో పురపాలక పాఠశాల ఉంది. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ ప్రతిభ పాలకుర్తి పశువుల మందతోనే ఆగిపోయేది. ఒక మనిషికి అదృష్టవశాత్తు దొరికిన తోడును ఆయన వంటి వేలమందికి నియమంగా దొరికేలా చేయడమే స్కాలర్‌షిప్ వ్యవస్థ చేసే పని.

1950లో న్యాయవాదిగా నమోదైన సంజీవయ్య అదే కాలంలో తాత్కాలిక పార్లమెంటు సభ్యులయ్యారు. తొలి సార్వత్రిక ఎన్నికలు జరిగేలోగా శాసన బాధ్యతలు నిర్వహించిన సభను తాత్కాలిక పార్లమెంటు అనేవారు. 1951లో రాజ్యాంగానికి మొదటి సవరణ చేసింది ఆ సభే. మద్రాసు రాష్ట్రంలో కళాశాల సీట్లను కులాలవారీగా పంచుతూ అప్పటిదాకా అమలులో ఉన్న ఉత్తర్వును చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు కొట్టివేయడంతో, సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన తరగతుల కోసం, షెడ్యూల్డు కులాలు, తెగల కోసం ప్రభుత్వం ప్రత్యేక ఏర్పాట్లు చేయవచ్చునని చెప్పే 15(4) అధికరణాన్ని ఆ సవరణ చేర్చింది. ఈనాడు సబ్బవరంలో రిజర్వేషన్ సీటు పొందే విద్యార్థి హక్కుకు పునాదిరాయి వేసిన సభలో, తరువాతి కాలంలో ఆ విశ్వవిద్యాలయానికి పేరైన మనిషి సభ్యుడిగా ఉండడం యాదృచ్ఛికమే అయినా, ఆ విశ్వవిద్యాలయ విద్యార్థులు తెలుసుకోవలసిన చరిత్ర.

1960 జనవరి నుంచి 1962 మార్చి వరకు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు సంజీవయ్యకు నలభై ఏళ్లు అటూ ఇటూ. 1962లో కాంగ్రెస్ అధ్యక్షులై, 1964 నుంచి కేంద్ర కార్మిక మంత్రిగా పనిచేసి, కార్మిక సమస్యల మీద ఆంగ్లంలో గ్రంథం రాసి, 1972 మేలో కన్నుమూశారు. ఆయన చదువుకున్న మద్రాసు లా కాలేజీకి ఇప్పుడు అంబేడ్కర్ పేరు ఉంది. ఆయన పేరు సబ్బవరంలోని లా యూనివర్సిటీకి ఉంది.

దాత దయ నుంచి ప్రభుత్వ బాధ్యతకు

అణగారిన కులాల పిల్లల ఉన్నత చదువుకు డబ్బు సమకూర్చడం మన దేశంలో మొదట సంస్థానాధీశుల, సంస్కర్తల ఉదారత మీద ఆధారపడి సాగింది. 1913లో భీమ్‌రావ్ అంబేడ్కర్ న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లగలగడానికి కారణం బరోడా మహారాజు సయాజీరావ్ గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్. నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్లకు మంజూరైన ఆ సహాయానికి బదులుగా, చదువు ముగించాక బరోడా సంస్థానంలో ఉద్యోగం చేయాలనే షరతు ఉండేది. ఆ షరతు ప్రకారమే 1917లో బరోడా చేరిన అంబేడ్కర్‌కు కులం కారణంగా ఉండడానికి ఇల్లు దొరకలేదు. డబ్బు కళాశాల తలుపు తెరవగలిగింది గాని ఊరి తలుపు తెరవలేకపోయిందనీ, స్కాలర్‌షిప్ ఒక్కటే సరిపోదనీ ఈ ఘటన అప్పుడే తెలియజెప్పింది.

తెలుగు ప్రాంతంలో కాకినాడ పిఠాపురం రాజా కళాశాలకు 1904 నుంచి 1919 దాకా ప్రిన్సిపాల్‌గా ఉన్న రఘుపతి వేంకటరత్నం నాయుడు, అంటరానివారుగా ముద్రపడిన కులాల విద్యార్థులను చేరదీసి చదువు, వసతి కల్పించడానికి పూనుకున్నారు. పిఠాపురం మహారాజా సూర్యారావు ఆయనకు అండగా నిలిచారు. ఈ కృషి ఎంత గొప్పదైనా, దాత మనసు మారినా దాత గతించినా ఆగిపోయే స్వభావం దానిలో ఉంది. అర్హుడైన విద్యార్థి దాతను వెతుక్కుంటూ వెళ్లవలసిన స్థితి నుంచి, ప్రభుత్వమే అతణ్ణి వెతుక్కుంటూ రావలసిన స్థితికి మారడం తరువాతి మెట్టు.

ఆ మెట్టు ఎక్కించినవారు అంబేడ్కరే. 1942లో వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో సభ్యులైన ఆయన, షెడ్యూల్డు కులాల ఇబ్బందులను వివరిస్తూ అదే ఏడాది ప్రభుత్వానికి ఒక నివేదిక సమర్పించి, అందులో ఉన్నత విద్యకు నిధులు కోరారు. దాని ఫలితంగా 1944లో భారత ప్రభుత్వం పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ పథకాన్ని ప్రారంభించింది. మెట్రిక్ అంటే పదో తరగతి. ఆ తరువాత చదివే ఇంటర్మీడియెట్ నుంచి పరిశోధన దాకా అన్ని చదువులకూ ఇచ్చేది పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్. కొద్ది సంవత్సరాల్లోనే అది షెడ్యూల్డు తెగలకూ విస్తరించింది. బలహీన వర్గాల విద్యా ప్రయోజనాలను రాజ్యం ప్రత్యేక శ్రద్ధతో పెంపొందించాలని చెప్పే రాజ్యాంగం 46వ అధికరణం ఈ పథకానికి నైతిక బలం ఇచ్చింది.

నల్లజాతి తొలి పట్టభద్రుల పేరిట

అదే 1944లో అమెరికాలో నల్లజాతి కళాశాలల కోసం యునైటెడ్ నీగ్రో కాలేజ్ ఫండ్ ఏర్పడింది. టస్కెగీ విద్యాసంస్థకు అధ్యక్షుడిగా ఉన్న ఫ్రెడరిక్ ప్యాటర్సన్ చొరవతో మొదలైన ఈ నిధి ప్రజల విరాళాలను ఒక్కచోటికి చేర్చి కళాశాలలకూ విద్యార్థులకూ పంచింది. ప్రభుత్వం శత్రుభావంతోనో ఉదాసీనంగానో ఉన్న చోట సమాజమే నిధిని కూడగట్టుకోగా, ఇక్కడ ఒక దళిత నాయకుడు ప్రభుత్వంలోపలికి వెళ్లి నిధిని రాబట్టారు. దారులు వేరైనా అవసరం ఒక్కటే. ఈ పోలికను ఆ తరం నాయకులు తామే గుర్తించారు. 1895లో హార్వర్డ్ నుంచి డాక్టరేటు పొందిన తొలి నల్లజాతీయుడైన డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్‌కు అంబేడ్కర్ 1946లో ఉత్తరం రాశారు. డుబాయిస్ కూడా స్లేటర్ ఫండ్ ఇచ్చిన సహాయంతోనే బెర్లిన్ వెళ్లి చదువుకున్నారు.

తొలివారి పేరును సహాయంతో ముడిపెట్టిన ఉదాహరణగా గ్లాస్గో విశ్వవిద్యాలయాన్ని చెప్పుకోవచ్చు. న్యూయార్కులో బానిసత్వంలో పుట్టిన జేమ్స్ మెక్‌క్యూన్ స్మిత్‌ను అమెరికా కళాశాలలు చేర్చుకోకపోవడంతో ఆయన స్కాట్లాండు వెళ్లి, 1837లో గ్లాస్గో నుంచి వైద్య పట్టా పొంది, వైద్యశాస్త్రంలో విశ్వవిద్యాలయ పట్టా ఉన్న తొలి ఆఫ్రికన్ అమెరికన్ అయ్యారు. గ్లాస్గో విశ్వవిద్యాలయం ఈ శతాబ్దంలో ఒక పెద్ద అధ్యయన భవనానికి ఆయన పేరు పెట్టడంతో ఆగకుండా, నల్లజాతి విద్యార్థుల పరిశోధన కోసం ఆయన పేరిట స్కాలర్‌షిప్పులు కూడా నెలకొల్పింది. న్యాయరంగంలో ఇటువంటి పేరు తర్‌గుడ్ మార్షల్‌ది. సొంత రాష్ట్రమైన మేరీల్యాండ్ లా స్కూల్ నల్లవారిని చేర్చుకోని రోజుల్లో ఆయన హోవర్డ్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివి, ఆ లా స్కూల్ తలుపులు తెరిపించే కేసులో 1936లో గెలిచి, 1967లో అమెరికా సుప్రీంకోర్టుకు తొలి నల్లజాతి న్యాయమూర్తి అయ్యారు. ఇప్పుడు ఆ లా స్కూల్ గ్రంథాలయానికి ఆయన పేరు ఉంది. నల్లజాతివారి ప్రభుత్వ కళాశాలల్లో చదివే విద్యార్థుల కోసం 1987లో ఆయన పేరిట ఒక నిధి ఏర్పడింది.

ఈ ఉదాహరణల్లో భవనం మీది పేరు గతాన్ని గుర్తుచేస్తే, నిధి మీది పేరు భవిష్యత్తును తయారుచేస్తోంది. తెలుగునాట మహనీయుల జ్ఞాపకార్థం విగ్రహాలు, భవనాలు, బంగారు పతకాలు విరివిగా వెలిశాయి. బంగారు పతకం అప్పటికే తరగతిలో మొదటి స్థానంలో నిలిచిన విద్యార్థికి దక్కుతుంది, స్కాలర్‌షిప్ తరగతిలోకే రాలేకపోతున్న విద్యార్థికి దక్కుతుంది. సంజీవయ్య జీవితాన్ని చదివినవారికి ఆయన జ్ఞాపకానికి ఏది తగినదో వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పటి ఏర్పాటు, అందులోని లోపం

ప్రస్తుతం ఆంధ్రప్రదేశ్‌లో ఈ సహాయం రెండు భాగాలుగా అందుతుంది. కళాశాల వసూలు చేసే బోధన రుసుమును ప్రభుత్వం భరించేది ఫీజు రీయింబర్స్‌మెంట్, భోజన, వసతి ఖర్చుల కోసం ఇచ్చేది నిర్వహణ భత్యం. 2008 తరువాత ఫీజు రీయింబర్స్‌మెంట్ వృత్తి విద్యా కోర్సుల్లో విస్తృతంగా అమలై, కులవృత్తులవారి పిల్లలను, వ్యవసాయ కూలీల పిల్లలను ఇంజినీరింగ్, వైద్య కళాశాలలకు చేర్చింది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పథకం పేరు మారింది, డబ్బు కళాశాల ఖాతాకు వెళ్లాలా తల్లి ఖాతాకు వెళ్లాలా అనే పద్ధతీ మారింది. షెడ్యూల్డు కులాల పోస్ట్ మెట్రిక్ పథకానికి కుటుంబ వార్షికాదాయ పరిమితి రెండున్నర లక్షల రూపాయలు. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఐదేళ్లకు 59,048 కోట్ల రూపాయల వ్యయాన్ని ఆమోదిస్తూ, అందులో 60 శాతం కేంద్రం, 40 శాతం రాష్ట్రాలు భరించాలని నిర్ణయించింది.

కేంద్ర నిబంధనల ప్రకారం అత్యున్నత వృత్తి విద్యా కోర్సుల్లో చేరి హాస్టల్లో ఉండే విద్యార్థికి నిర్ణయించిన నిర్వహణ భత్యం ఏడాదికి 13,500 రూపాయలు, అంటే నెలకు 1,125 రూపాయలు. నెల మెస్ బిల్లుకే అది చాలదు. అంతకంటే పెద్ద కష్టం ఆలస్యం. రీయింబర్స్‌మెంట్ అంటే ఖర్చయ్యాక తిరిగి చెల్లించడం గనుక, ప్రభుత్వం విడుదల చేయవలసిన వాయిదా నెలల తరబడి నిలిచిపోతే కళాశాల విద్యార్థిని అడుగుతుంది, విద్యార్థి ఇంట్లోవారు వడ్డీకి తెస్తారు, బకాయి తీరేదాకా సర్టిఫికెట్లు చేతికి రావు. పేదరికాన్ని దాటించడానికి పుట్టిన పథకం ఆలస్యమైతే ఆ పేద ఇంటిమీదే అప్పు మోపుతుంది. అందువల్ల స్కాలర్‌షిప్ మొత్తం ఎంత అన్నదానితో పాటు ఎప్పుడు చేతికి అందుతుంది అన్నది కూడా విద్యార్థి హక్కులో భాగంగా పరిగణించాలి.

ప్రవేశానికి ముందే పడే వడపోత

జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో స్కాలర్‌షిప్ పనిచేయడం మొదలయ్యేది విద్యార్థి సీటు సంపాదించాక. అసలు వడపోత అంతకుముందే జరుగుతుంది. సబ్బవరంలో ఐదేళ్ల లా కోర్సుకు ప్రవేశం క్లాట్ ద్వారా, అంటే 2008 నుంచి దేశవ్యాప్తంగా జరుగుతున్న ఉమ్మడి ప్రవేశ పరీక్ష ద్వారా లభిస్తుంది. ఆంగ్లం, వర్తమాన వ్యవహారాలు, న్యాయ తర్కం, సాధారణ తర్కం, ప్రాథమిక గణితం అనే ఐదు విభాగాల్లో, రెండు గంటల వ్యవధిలో, పొడవైన ఆంగ్ల గద్యభాగాలు వేగంగా చదివి జవాబులు గుర్తించవలసిన ఈ పరీక్షలో, తెలుగు మాధ్యమంలో చదివిన గ్రామీణ విద్యార్థికి తెలివి ఉన్నా వేగం చాలదు. ప్రత్యేక శిక్షణ నగరాల్లో, ఖరీదుగా దొరుకుతుంది. దరఖాస్తు రుసుమే వేల రూపాయలు. ఇంటర్‌లో ఎంపీసీ, బైపీసీ తప్ప వేరే దారి ఉందని చెప్పేవారు చాలా కళాశాలల్లో లేరు.

ఈ లోటును గుర్తించి న్యాయశాస్త్ర ఆచార్యుడు షమ్నాద్ బషీర్ 2010లో ఇడియా అనే సంస్థను స్థాపించారు. పేద, దళిత, ఆదివాసీ, దివ్యాంగ విద్యార్థులను పాఠశాల స్థాయిలోనే గుర్తించి, క్లాట్‌కు శిక్షణ ఇచ్చి, సీటు వచ్చాక ఫీజుకు దాతలను వెతికిపెట్టి, చదువు ముగిసేదాకా మార్గదర్శకులను జతచేయడం ఆ సంస్థ పద్ధతి. లా విద్యార్థులే స్వచ్ఛందంగా ఊళ్లకు వెళ్లి ఈ పని చేయడం దాని ప్రత్యేకత. 2019లో బషీర్ చనిపోయినా ఆ పద్ధతి కొనసాగుతోంది. దీని నుంచి నేర్చుకోదగిన పాఠం స్పష్టం: ఫీజు కట్టే స్కాలర్‌షిప్‌కు ముందు శిక్షణ ఇచ్చే స్కాలర్‌షిప్, దాని వెంట ఆంగ్లంలో ధైర్యం ఇచ్చే తోడు ఉన్నప్పుడే ప్రవేశం నిజంగా విస్తరిస్తుంది.

అనకాపల్లి చేయగలిగిన పని

ఈ అవసరం అనకాపల్లి జిల్లాకు మరింత దగ్గరిది. పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలి ఈ జిల్లాలోనే ఉన్నాయి. వేలాది ఒప్పంద కార్మికులు, భూమి ఇచ్చి నిర్వాసితులైన కుటుంబాలు, ప్రమాదాల్లో మరణించినవారి వారసులు కార్మిక చట్టాల కింద, భూసేకరణ చట్టం కింద రావలసిన పరిహారం కోసం కార్యాలయాలకూ కోర్టులకూ తిరుగుతున్నారు. కార్మిక మంత్రిగా పనిచేసిన సంజీవయ్య పేరుతో లా యూనివర్సిటీ ఉన్న జిల్లాలో, ఆ కార్మికుల ఇళ్ల నుంచి వచ్చి వారి భాషలో మాట్లాడే న్యాయవాదులు తయారుకావడం ఎంతో ఉచితం. స్కాలర్‌షిప్ ఒక కుటుంబానికి చేసే మేలు దగ్గరే ఆగదనడానికి ఇంతకంటే మంచి తార్కాణం అక్కరలేదు.

చదువుకు ఊరు నిధి కూడగట్టడం అనకాపల్లికి కొత్త కాదు. బెల్లం వ్యాపారానికి పేరుమోసిన ఈ పట్టణంలో 1954లో నెలకొన్న ఎ.ఎం.ఎ.ఎల్. కళాశాల తన పేరులోనే అనకాపల్లి వర్తక సంఘాన్ని నిలుపుకుంది. ఆ సంప్రదాయాన్ని కొనసాగిస్తూ వర్తకులు, పరిశ్రమలు, పట్టణ న్యాయవాదులు, విశ్వవిద్యాలయ పూర్వవిద్యార్థులు కలిసి సంజీవయ్య పేరిట శాశ్వత నిధి ఏర్పాటు చేయవచ్చు. శాశ్వత నిధి అంటే మూలధనాన్ని ముట్టుకోకుండా దాని వడ్డీని మాత్రమే ఖర్చుచేసే నిధి. 50 లక్షల రూపాయల మూలధనం మీద ఆరు శాతం వడ్డీ వస్తే ఏడాదికి 3 లక్షలు, అంటే ముప్పైమంది ఇంటర్ విద్యార్థులకు ఒక్కొక్కరికి పదివేల చొప్పున శిక్షణ ఖర్చు భరించవచ్చు. ప్రభుత్వ సహాయం ఆలస్యమైన నెలల్లో విద్యార్థి మెస్ బిల్లు కట్టి, డబ్బు వచ్చాక సర్దుబాటు చేసుకునే వడ్డీలేని సహాయనిధిని కూడా దీనికి జోడించవచ్చు. ఇటువంటి ప్రైవేటు నిధి ప్రభుత్వ బాధ్యతకు ప్రత్యామ్నాయం కాదు, కాకూడదు. హక్కుగా రావలసినదాన్ని ప్రభుత్వం నుంచి రాబట్టుకుంటూనే, అది చేరని చోట ఊరు చేయి అందించాలి.

ఏటా ఫిబ్రవరి 14న సంజీవయ్య చిత్రపటానికి పూలమాల వేసే ప్రతి సంస్థ, ఆనాడే కొన్ని వివరాలు బహిరంగంగా ప్రకటించడం ఆరంభిస్తే ఆ ఉత్సవానికి ప్రయోజనం ఏర్పడుతుంది. ఆ ఏడాది తమ ఇంట మొదటిసారిగా కళాశాలకు వచ్చిన విద్యార్థులు ఎందరు చేరారు, భూమిలేని కుటుంబాల నుంచి ఎందరు వచ్చారు, వారికి స్కాలర్‌షిప్ ఏ తేదీన అందింది, మధ్యలో మానేసినవారు ఎందరు, పట్టా పుచ్చుకున్నవారు ఎందరు అన్న లెక్క తెలిసినప్పుడే లోపం ఎక్కడుందో తెలుస్తుంది, సరిదిద్దవలసిన బాధ్యత ఎవరిదో తేలుతుంది. సంజీవయ్యకు డిగ్రీ నుంచి న్యాయశాస్త్ర పట్టా దాకా ఆరేళ్లు పట్టింది. అటువంటి విద్యార్థికి ఇప్పుడు ఒక్క ఏడాది కూడా వృథా కాకుండా చూడగలిగిన శక్తి రాష్ట్రానికీ సమాజానికీ ఉంది. ఆ శక్తిని వినియోగించడం ఆయన పేరు పెట్టుకున్నవారందరి కర్తవ్యం.